జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు 1,350 కోట్ల ఏళ్ల కిందటి వెలుగు ఇప్పుడెలా దొరుకుతోంది?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు మహబూబ్‌నగర్‌లో గ్రూప్-2కి చదువుకుంటున్నారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ విశ్వం పుట్టిన కొత్తలో ఏర్పడ్డ గెలాక్సీలను చూపిస్తోందని జనరల్ సైన్స్ పుస్తకంలో చదివారు. దాని మీద రీడింగ్ రూమ్‌లో వాదన వచ్చింది. ఎప్పుడో అయిపోయింది ఇప్పుడెలా కనబడుతుందని ఒకరు అడిగారు. మనమూ ఆ విశ్వంలోనే ఉన్నప్పుడు ఆ వెలుగు ఏనాడో మనల్ని దాటిపోయి ఉండాలి కదా అని ఇంకొకరు అన్నారు. ఆ రంగుల ఫోటోలు కంప్యూటర్‌లో తయారు చేసినవేనని మూడో మిత్రుడి వాదన. మూడూ మంచి అనుమానాలే. రెండోది మాత్రం డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్ళు కూడా అరుదుగా అడిగే ప్రశ్న. అందుకే దానికి ఎక్కువ చోటిస్తాను.

సూటిగా జవాబు ఇది. వెలుగు ప్రయాణానికి టైం పడుతుంది, కాబట్టి ఎంత దూరం చూస్తే అంత పాతది చూసినట్టు. చాలా దూరం నుంచి వచ్చే వెలుగు, దారిలో విశ్వం వ్యాకోచించడం వల్ల సాగిపోయి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌గా మారుతుంది. వెబ్ గొప్పతనం దూరాన ఉన్నదాన్ని పెద్దది చేసి చూపించడంలో లేదు. సాగిపోయి, బలహీనపడి, చుక్కలు చుక్కలుగా వచ్చే ఆ వెలుగును గంటల తరబడి పోగుచేసుకోవడంలో ఉంది. ఫోటోలు నిజమైనవే, రంగులు మాత్రం మనుషులు కేటాయించినవి. ఇక ఒక గెలాక్సీ ఎంత పాతదో తేల్చేది ఫోటో కాదు, స్పెక్ట్రం, అంటే వెలుగును తరంగాల పొడవును బట్టి విడగొట్టి పరిచిన పట్టీ. ఈ చివరి ముక్క వార్తల్లో ఎక్కువగా రాదు కానీ, అసలు సంగతంతా అందులోనే ఉంది.

నేను నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చలికాలంలో అమావాస్య దగ్గర్లో పిల్లల్ని డిండి వైపు తీసుకుపోయి ఆకాశం చూపించే అలవాటు ఇప్పటికీ ఉంది. కింద రాసేదంతా వాళ్ళకు చెప్పీ చెప్పీ నాకు కుదురుకున్న పద్ధతిలోనే రాస్తున్నాను.

మొదటి అనుమానం త్వరగా తేలిపోతుంది. చంద్రుడి వెలుగు మన దగ్గరికి రావడానికి 1.3 సెకన్లు పడుతుంది, సూర్యుడి వెలుగుకు 8 నిమిషాల పైచిలుకు. అంటే ఇప్పుడు మీకు కనబడే సూర్యుడు 8 నిమిషాల కిందటి సూర్యుడు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణా ఒడ్డున నిలువురాళ్ళున్నాయి కదా, అక్కడ ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలతో సప్తర్షి మండలాన్ని చెక్కారని పురావస్తు పరిశోధకులు చెప్తారు. ఆ ఏడు చుక్కల్లో నడిమి ఐదూ మనకు 80 కాంతి సంవత్సరాల అటు ఇటు దూరంలో ఉన్నాయి (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం). ఈ రాత్రి మీరు మేడ మీదికెక్కి చూస్తే, నల్లగొండ జిల్లాలో సాయుధ పోరాటం రాజుకుంటున్న రోజుల్లో అక్కడ బయలుదేరిన వెలుగు మీ కంట్లో పడుతుంది. డిండి దగ్గర చీకటి రాత్రుల్లో ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికే మసకమసకగా కనబడుతుంది. అది 25 లక్షల ఏళ్ల కిందటి వెలుగు. మనిషి జాతి ఇంకా ఈ రూపానికి రానప్పుడు బయలుదేరింది. పాతకాలాన్ని చూడడానికి మాయలూ మంత్రాలూ అక్కర్లేదు, దూరం చాలు.

ఇప్పుడు రెండో అనుమానం. మీ మిత్రుడు అడిగింది ఇది: విశ్వం పుట్టినప్పుడు అంతా దగ్గర దగ్గరగా ఉంది, అలాంటప్పుడు పక్కనున్న గెలాక్సీ వెలుగు మన దగ్గరికి రావడానికి 1,350 కోట్ల ఏళ్లు ఎందుకు పట్టింది?

ఒక నిజమైన గెలాక్సీని తీసుకుని చూద్దాం. 2024లో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ ఉంది. పేరు నోరు తిరగదు గానీ ఈ జవాబులో అది చాలాసార్లు వస్తుంది కాబట్టి జెడ్14 అందాం. దాని వెలుగు బయలుదేరేసరికి విశ్వం వయసు 30 కోట్ల ఏళ్లలోపే. ఆ రోజున, తర్వాతెప్పుడో మన పాలపుంతగా తయారైన పదార్థానికీ ఆ గెలాక్సీకీ మధ్య దూరం సుమారు 220 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతా అలాగే నిలిచి ఉంటే 220 కోట్ల ఏళ్లలో వెలుగు వచ్చి వెళ్ళిపోయేది. మీ మిత్రుడి లెక్క సరిగ్గా అక్కడే ఆగింది.

కానీ ఆ రోజుల్లో విశ్వం చాలా వేగంగా వ్యాకోచిస్తోంది. ఆ గెలాక్సీకీ మనకూ మధ్య ఉన్న ఖాళీ, వెలుగు వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతూ ఉండేది. (ఐన్‌స్టీన్ నియమానికి ఇది అడ్డం కాదు. ఏ వస్తువూ తన చోటులో వెలుగును మించి పరుగెత్తదని ఆ నియమం. ఇక్కడ పెరుగుతున్నది చోటే.) కాబట్టి ఆ వెలుగు మన వైపే నడుస్తున్నా, మొదట్లో మనకు దూరమైపోతూ వచ్చింది. విశ్వానికి సుమారు 400 కోట్ల ఏళ్లు వచ్చేదాకా ఇదే పరిస్థితి. అప్పటికి ఆ వెలుగు మనకు 580 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే బయలుదేరిన చోటి కంటే రెండున్నర రెట్లు ఎక్కువ దూరంలో. ఆ తర్వాత వ్యాకోచం నెమ్మదించి, వెలుగుది పైచేయి అయింది. అక్కడి నుంచి దగ్గరపడుతూ వచ్చి ఇప్పుడు వెబ్ అద్దం మీద పడింది. మొత్తం ప్రయాణం 1,350 కోట్ల ఏళ్లు. ఈలోపు ఆ గెలాక్సీ కూడా వ్యాకోచంతో దూరం జరుగుతూ పోయి, లెక్క ప్రకారం ఇప్పుడు 3,380 కోట్ల కాంతి సంవత్సరాల దరిదాపుల్లో ఉంటుంది.

క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగిపోయేది ఆ 400 కోట్ల ఏళ్ల దగ్గరే. మన వైపు నడుస్తూనే దూరమైపోవడమేమిటని తగువు పెట్టుకుంటారు. ఆగాలి కూడా. ఆ ఒక్క మెట్టు ఎక్కితే మిగతాదంతా సులభం.

మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉందని కూడా చెప్పాలి. మనకు దగ్గర్లో ఉన్న పదార్థం నుంచి ఆ కాలంలో బయలుదేరిన వెలుగు నిజంగానే మనల్ని దాటిపోయింది. అందుకే మన పాలపుంత బాల్యాన్ని మనం చూడలేం. వెబ్ చూపించేది మన సొంత గతాన్ని కాదు, వేరేచోట ఉన్నవాటి గతాన్ని. జెడ్14 ఉన్న చోట ఇవాళ ఎవరైనా ఉండి, మన వైపు ఇలాంటి టెలిస్కోపే తిప్పితే, పాలపుంత పుట్టుక వాళ్ళకు కనబడవచ్చు.

అంత ప్రయాణం చేసిన వెలుగు బయలుదేరినట్టే ఉండదు. చోటు సాగినప్పుడల్లా అందులోని వెలుగు తరంగం కూడా అంతే సాగుతుంది. నీలం ఎరుపు వైపు జరుగుతుంది, ఎరుపు ఇన్‌ఫ్రారెడ్‌లోకి జారుతుంది. దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటారు.

మీరు సైన్స్ గ్రూపు వాళ్ళయితే డిగ్రీలో స్పెక్ట్రోమీటర్ ప్రాక్టికల్ చేసే ఉంటారు. డార్క్ రూమ్‌లో సోడియం దీపం వెలిగించి, వెలుగును విడగొట్టే గ్రేటింగ్ పెట్టి, టెలిస్కోప్ గొట్టంలోంచి చూస్తూ స్క్రూ నెమ్మదిగా తిప్పుతుంటే ఒకచోట సన్నటి పసుపు గీత కనిపిస్తుంది. ఇంకాస్త జాగ్రత్తగా సర్దితే అది ఒకటి కాదు, పక్కపక్కనే రెండని తెలుస్తుంది. వాటి తరంగాల పొడవు 589.0, 589.6 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవంతు). నల్లగొండలో వెలిగించినా, మహబూబ్‌నగర్‌లో వెలిగించినా, చంద్రుడి మీద వెలిగించినా సోడియం ఆ రెండు గీతలే ఇస్తుంది. ప్రతి మూలకానికీ తనదైన గీతలుంటాయి, అవి మారవు. అందుకే దూరపు గెలాక్సీ వెలుగులో హైడ్రోజన్ గుర్తు ఉండాల్సిన చోట కాకుండా పక్కకు జరిగి కనిపిస్తే, ఎంత జరిగిందో కొలిచి విశ్వం ఎన్ని రెట్లు సాగిందో చెప్పేయవచ్చు. ఖగోళశాస్త్రంలో ఇంతకంటే గట్టి కొలత తక్కువ.

హైడ్రోజన్‌కు 121.6 నానోమీటర్ల దగ్గర ఒక ముఖ్యమైన గీత ఉంది, లైమన్ ఆల్ఫా అంటారు. అది గాఢమైన అల్ట్రావయొలెట్. ఆ కాలంలో గెలాక్సీల మధ్య విద్యుదావేశం లేని హైడ్రోజన్ వాయువు దట్టంగా ఉండేది. ఈ గీత కంటే పొట్టి తరంగాలన్నిటినీ అది మింగేసింది. కాబట్టి ఆ గెలాక్సీ వెలుగులో ఒకచోట గోడ కట్టినట్టు తెగి ఉంటుంది. అటువైపు ఖాళీ, ఇటువైపు వెలుగు. జెడ్14 విషయంలో విశ్వం సాగింది సుమారు 15.2 రెట్లు. 121.6ను 15.2తో గుణిస్తే దాదాపు 1,850 నానోమీటర్లు వస్తుంది. అంటే 1,850 కంటే పొట్టి తరంగాల్లో ఆ గెలాక్సీ అసలు లేనట్టే.

వెబ్‌కు ముందు నుంచే అంతరిక్షంలో తిరుగుతున్న హబుల్ టెలిస్కోప్ చూడగలిగిన గరిష్ఠ హద్దు సుమారు 1,700 నానోమీటర్లు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. హబుల్‌ను ఇంకో వందేళ్లు అదే దిక్కుకు తిప్పి ఉంచినా ఈ గెలాక్సీ కనబడదు. అద్దం చిన్నదని కాదు, ఆ వెలుగును చూసే కన్ను దానికి లేదు. వెబ్ 600 నుంచి 28,500 నానోమీటర్ల దాకా చూస్తుంది. వెబ్ ఎందుకు కట్టారు, హబుల్ సరిపోదా అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు అంకెలే చెప్తాను, 1,700, 1,850.

ఇన్‌ఫ్రారెడ్ చూడడంలో ఒక పెద్ద చిక్కుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ ఇన్‌ఫ్రారెడ్‌ను విడుదల చేస్తుంది. మీరు, నేను, గోడ, గాలి, ఆఖరికి టెలిస్కోప్ కూడా. వెచ్చటి టెలిస్కోప్‌తో ఆ గెలాక్సీల కోసం వెతకడమంటే ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి దూరంగా వెలిగే మిణుగురును వెతకడమే. పైగా మన గాలిలోని నీటి ఆవిరి ఇన్‌ఫ్రారెడ్‌లో చాలా భాగాన్ని నేలకు రానివ్వదు. అందుకని టెలిస్కోప్‌ను గాలి దాటించి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, ఎల్2 అనే చోట తిప్పుతున్నారు. చంద్రుడికి దాదాపు నాలుగు రెట్ల దూరం. అక్కడ సూర్యుడు, భూమి, చంద్రుడు ముగ్గురూ ఎప్పుడూ ఒకేవైపు ఉంటారు కాబట్టి ఒక్క తెరతో ముగ్గురి వేడినీ ఆపేయవచ్చు. ఆ తెర ఐదు పొరలది, ఇంచుమించు టెన్నిస్ కోర్టంత. ఎండ వైపు 85 డిగ్రీల దాకా కాగుతుంటే, నీడ వైపు మైనస్ 230 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మిరి అనే ఒక పరికరానికి అదీ చాలదు. హీలియంతో నడిచే కూలర్ పెట్టి దాన్ని మైనస్ 266కు దించుతారు.

అద్దం వెడల్పు 6.5 మీటర్లు, హబుల్‌ది 2.4. మన వైపు గుర్తుండాలంటే, ఇబ్రహీంపట్నం దగ్గర జాపాల-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు 1960ల చివర్లో పెట్టిన టెలిస్కోప్ 48 అంగుళాలది, అంటే 1.2 మీటర్లు. మన దేశంలో ఒకప్పుడు అదే పెద్దవాటిలో ఒకటి. వెబ్ అద్దం అంత పెద్దది ఏ రాకెట్‌లోనూ పట్టదు కాబట్టి 18 షట్కోణపు ముక్కలుగా చేసి మడిచి పంపారు. ముక్కలు బెరీలియంవి, పైన బంగారు పూత. ఇన్‌ఫ్రారెడ్‌ను బంగారం బాగా తిప్పికొడుతుంది. మొత్తం అద్దానికి పట్టిన బంగారం 48 గ్రాములు, మన లెక్కలో ఐదు తులాలకు కాస్త తక్కువ. అంత పలుచటి పూత.

2021 డిసెంబర్ 25న ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్ళిన తర్వాత ఆ తెర, ఆ అద్దం విచ్చుకునే రెండు వారాలు మాలాంటి వాళ్ళకు భలే టెన్షన్. ఏ ఒక్కటి బెడిసినా మొత్తం పనికిరాకుండా పోయే చోట్లు 344 ఉన్నాయని నాసా వాళ్ళే చెప్పారు. హబుల్‌కు చేసినట్టు మనుషులు వెళ్ళి బాగుచేసే దూరం కాదు. 2022 జనవరి 8న అద్దం చివరి రెక్క కూడా సరిగ్గా కూర్చుంది.

ఇక ఫోటోల సంగతి. మీ ఇంట్లో టీవీ రిమోట్ తీసుకుని, ఫోన్ ముందు కెమెరా ఆన్ చేసి, రిమోట్ కొసను కెమెరాకు చూపిస్తూ బటన్ నొక్కండి. కంటికి కనబడని వెలుగు తెర మీద ఊదా రంగులో మిణుకుమంటుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ముందు కెమెరాతోనే చేయండి. రిమోట్ వెలుగు ఊదా కాదు, దానికి మన కంటికి తెలిసిన రంగే లేదు. కానీ వెలుగు అక్కడ ఉన్నది నిజం, నొక్కినప్పుడే వస్తున్నదీ నిజం. వెబ్ ఫోటోల విషయం కూడా ఇదే. ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఫిల్టర్లతో నలుపు తెలుపులో తీస్తారు. అన్నిటికంటే పొట్టి తరంగాల ఫోటోకు నీలం, మధ్యవాటికి ఆకుపచ్చ, పొడుగువాటికి ఎరుపు ఇచ్చి కలుపుతారు. వరస మార్చరు, లేనిది చేర్చరు. కాబట్టి ఫోటోలో ఎర్రగా ఉన్నది నిజంగానే పక్కదాని కంటే పొడుగు తరంగాల్లో వెలుగుతోందని అర్థం. దుమ్ము వల్ల కావచ్చు, దూరం వల్ల కావచ్చు.

2022 జూలైలో విడుదలైన మొదటి డీప్ ఫీల్డ్ ఫోటోను ఒకసారి తెరిచి పెద్దది చేసి చూడండి. ఎస్‌మ్యాక్స్ 0723 అనే గెలాక్సీల గుంపు అది, పన్నెండున్నర గంటలు చూసి తీసింది. అందులో ఎనిమిది సూదుల్లాంటి కిరణాలతో మెరిసేవన్నీ మన పాలపుంతలోని నక్షత్రాలు. ఆ సూదులు షట్కోణపు అద్దం అంచుల వల్ల, చిన్న అద్దాన్ని మోసే కడ్డీల వల్ల వస్తాయి. వాటిని పక్కన పెట్టండి. మధ్యలో తెల్లగా, ఉబ్బెత్తుగా ఉన్నవి ఆ గుంపులోని గెలాక్సీలు, 460 కోట్ల ఏళ్ల కిందటివి. వాటి చుట్టూ విల్లులా వంగిన సన్నటి గీతలున్నాయి చూడండి, అవి ఇంకా ఎంతో వెనకున్న గెలాక్సీలు. ముందున్న గుంపు బరువు వల్ల వాటి వెలుగు వంగి, సాగి, పెద్దదై కనబడుతోంది. పెద్దది చేసి చూపించే పని ఇక్కడ వెబ్ కంటే ఆ గుంపే ఎక్కువ చేస్తోంది. అద్దెలేని భూతద్దం దొరికినట్టే కాబట్టి శాస్త్రవేత్తలు ఇలాంటి గుంపుల్ని వెతికి మరీ చూస్తారు. మనకు కావలసిన అతి పాత గెలాక్సీలు మాత్రం ఇంత అందంగా ఉండవు. పెద్దది చేసినా కొన్ని గళ్ళ ఎర్రటి మచ్చ, అంతే. ఆ మచ్చల కోసమే ఇంత ఖర్చూ.

అందుకే ఫోటో చూసి వయసు నమ్మకండి, స్పెక్ట్రం వచ్చిందా అని అడగండి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సియర్స్-93316. 2022లో వెబ్ మొదటి ఫోటోలు రాగానే, ఫిల్టర్లలో దాని వెలుగు తీరు చూసి, విశ్వానికి 23, 24 కోట్ల ఏళ్ల వయసున్నప్పటి గెలాక్సీ కావచ్చని అంచనా వేశారు. పేపర్లలో అదే రికార్డని వచ్చింది. 2023లో స్పెక్ట్రం తీస్తే అది విశ్వానికి 120 కోట్ల ఏళ్లప్పటిదని తేలింది. ధూళి దట్టంగా ఉండి, ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు సరిగ్గా కొన్ని ఫిల్టర్లలో పడడంతో అతి పాత గెలాక్సీలా కనిపించింది. అంచనా వేసినవాళ్ళు కూడా ఇది అభ్యర్థి మాత్రమే అని మొదటే రాశారు, స్పెక్ట్రం వచ్చాక తేలినదాన్ని తేలినట్టే ప్రకటించారు. సైన్స్ నడవాల్సిన తీరే అది.

స్పెక్ట్రం తీయడం మామూలు పని కాదు. వెబ్‌లోని నిర్‌స్పెక్ అనే పరికరంలో సుమారు రెండున్నర లక్షల చిన్న చిన్న తలుపులున్నాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదోవంతు వెడల్పు, ఐదోవంతు పొడవు. కావలసిన గెలాక్సీ వెలుగు పడేచోట తలుపు తెరిచి, మిగతావి మూసేస్తారు. అలా ఒకేసారి వందకు పైగా గెలాక్సీల వెలుగును విడివిడిగా విడగొట్టవచ్చు. జెడ్14 మీద దాదాపు పది గంటలు చూశాకే 1,850 దగ్గర ఆ గోడ స్పష్టంగా కనిపించింది. డార్క్ రూమ్‌లో స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్న పిల్లలు చేసే పనీ, ఇదీ సూత్రంలో ఒకటే.

ఆ తర్వాత వచ్చిన వార్త నన్ను ఇంకా కదిలించింది. 2025లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు అదే గెలాక్సీలో ఆక్సిజన్ గుర్తును పట్టాయి. బిగ్ బ్యాంగ్‌లో పుట్టినవి హైడ్రోజన్, హీలియం, కొద్దిగా లిథియం మాత్రమే. ఆక్సిజన్ కావాలంటే నక్షత్రాలు పుట్టి, మండి, పేలి చెదరాలి. అంటే విశ్వానికి 30 కోట్ల ఏళ్లు నిండకముందే అక్కడ ఒక తరం నక్షత్రాలు బతికి చచ్చిపోయాయన్నమాట. అదే ఏడు మామ్-జెడ్14 అనే ఇంకో గెలాక్సీకి స్పెక్ట్రం వచ్చింది, అది విశ్వానికి 28 కోట్ల ఏళ్లప్పటిది.

ఇవి అనుకున్నదానికంటే ఎక్కువ కాంతివంతంగా, ఎక్కువ సంఖ్యలో కనబడడం నిజమే. అక్కడి నుంచే యూట్యూబ్‌లో బిగ్ బ్యాంగ్ అబద్ధమని వీడియోలు మొదలయ్యాయి. విశ్వం వయసు 2,670 కోట్ల ఏళ్లని 2023లో ఒక పరిశోధనా పత్రం కూడా వచ్చింది. అది నిలబడలేదు, ఎందుకంటే మిగతా కొలతలతో పొసగదు. తేలాల్సిన ప్రశ్న వేరు: తొలి గెలాక్సీలు అంత త్వరగా ఎలా వెలిగాయి? నక్షత్రాలు విడతలు విడతలుగా, ఒక్కో విడతలో ఒక్కసారిగా పుట్టడం వల్లనా, ధూళి తక్కువ ఉండడం వల్లనా, మధ్యలో బ్లాక్ హోల్ కొంత వెలుగు ఇవ్వడం వల్లనా? వీటి మీద ఇప్పుడు గట్టిగా పని జరుగుతోంది. మీ పరీక్షకు మాత్రం 1,380 కోట్ల ఏళ్లే రాయండి.

ఇంకో పొరపాటు మాట కోచింగ్ నోట్సుల్లో చూశాను, వెబ్ బిగ్ బ్యాంగ్‌ను ఫోటో తీసిందని. తీయలేదు, ఎప్పటికీ తీయడం కుదరదు కూడా. మొదటి 3,80,000 ఏళ్లు విశ్వమంతా వెలుగును దాటనివ్వని వేడి పొగమంచు. అది సుమారు 3,000 కెల్విన్‌కు చల్లారాక ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి హైడ్రోజన్ పరమాణువులయ్యాయి, దారి తేటపడింది. ఏ వేడిలో ఎంత వాయువు విడిపోయి ఉంటుందో చెప్పే సూత్రం 1920లో మన మేఘనాద్ సాహా ఇచ్చినదే. ఇది గ్రూప్-2లో అడగదగ్గ ప్రశ్న, రాసి పెట్టుకోండి. అప్పటి వెలుగు ఇప్పుడు 1,100 రెట్లు సాగి మైక్రోవేవ్ అయింది. దాన్ని చూసినవి కోబ్, డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు. అక్కడి నుంచి తొలి నక్షత్రాలు వెలిగేదాకా చూడడానికి వెలుగే లేని చీకటి కాలం. వెబ్ ఆ చీకటి ముగిసే అంచును వెతుకుతోంది.

మన దేశం వాళ్ళకు ఇందులో ఏం పని అని కూడా అడిగారు. వెబ్ సమాచారంలో చాలాభాగం కొంతకాలం తర్వాత అందరికీ ఉచితంగా తెరిచి పెడతారు, కొన్ని సర్వేలవి వెంటనే పెడతారు. పుణెలోని రేడియో ఖగోళ పరిశోధనా కేంద్రం ఎన్‌సీఆర్ఏ పరిశోధకులు అలాంటి వెబ్ చిత్రాల్లోంచే ఒక చక్కటి సర్పిలాకారపు గెలాక్సీని గుర్తించి, దానికి అలకనంద అని పేరు పెట్టారు. 2025లో ఆ వార్త వచ్చింది. విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసప్పటికే అంత పొందికైన చేతులతో గెలాక్సీ తయారైందంటే మోడళ్ళు మళ్ళీ చూసుకోవాల్సిందే. టెలిస్కోప్ మనది కాకపోయినా కంప్యూటర్, ఇంటర్నెట్, ఓపిక ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థికి ఈ పని అందని ద్రాక్ష కాదు. మా పాత విద్యార్థులతో ఈ మాట గట్టిగా చెప్తుంటాను.

చివరగా, ఇంకా వెనక్కి చూడగలదా అన్నారు. చూడగలదు. విశ్వానికి 20 కోట్ల ఏళ్లప్పటివి కావచ్చనుకునే మచ్చలు ఇప్పటికే కొన్ని ఫోటోల్లో ఉన్నాయి, స్పెక్ట్రం కోసం ఎదురుచూస్తున్నాయి. రాకెట్ గురి తప్పకుండా తీసుకెళ్ళడంతో దారి సరిదిద్దడానికి పెట్టిన ఇంధనం బాగా మిగిలింది. పదేళ్లకు అనుకున్నది ఇరవై ఏళ్ల పైన పనిచేసేంత ఉంది. మీ మిత్రులకు చూపించాలంటే జెడ్14 స్పెక్ట్రం గ్రాఫ్ నాసా వెబ్‌సైట్‌లో ఉంది. అడ్డంగా మైక్రాన్లు (ఒక మైక్రాన్ అంటే 1,000 నానోమీటర్లు), నిలువుగా వెలుగు ఉంటాయి. 1.85 దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేచే చోటు వెతకండి. చదవడంలో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, చెప్తాను.